ముసలితనానికీ ఒక వాటా

మా గోదావరి జిల్లాల్లో పాతకాలం ఆడవాళ్ళకు ఒక పట్టుదల ఉంది. తమ దినాల ఖర్చు తామే దాచుకోవాలి. పోస్టాఫీసు పుస్తకంలో వేసో, నమ్మకమైన వాళ్ళకు వడ్డీకిచ్చో, అదీ లేకపోతే చేతికున్న గాజులు చూపించో, "నా పెద్దకర్మకి మీ చెయ్యి చూడనర్రా" అని పిల్లలతో అంటారు. మా అమ్మా అంది. ఎంతమందికి భోజనాలు పెట్టాలి, దానాలకు ఎంతవుతుంది, ఊళ్ళో వంటవాళ్ళు ఎంత తీసుకుంటున్నారు, అన్నీ వాళ్ళకు నోటికి వచ్చు. పోవడానికి ముందు రెండేళ్ళో ఐదేళ్ళో మంచాన పడితే నెలకెంతవుతుందన్న లెక్క మాత్రం వాళ్ళెవరూ వేసుకోరు. ఆ మాటెత్తితే, "అవేం మాటలే, కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోతాను" అంటారు. అనాయాసంగా పోవాలని దేవుడి దగ్గర అందరం కోరుకుంటాం. కోరుకున్నంత మాత్రాన అందరికీ దొరకదు.

అమ్మానాన్నలు సంపాదించుకున్న ఆస్తిలో మొదటి వాటా వాళ్ళ ముసలితనానిది. పిల్లల వాటాలు ఆ తర్వాతే. ఆ మొదటి వాటా పిల్లల మంచితనం మీదో, కోడలి ఓపిక మీదో వదిలేయకూడదు. అంకె వేసి, కాగితం మీద పెట్టి, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే పక్కన పెట్టుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. వినడానికి కఠినంగా ఉంటుందని తెలుసు. మా అమ్మ నాలుగేళ్ళకు పైగా మంచం మీద ఉంది. ఆ లెక్కలు రాసింది నేనే. పైగా బ్యాంకు ఉద్యోగం వల్ల, ఈ లెక్క వేసుకోని వాళ్ళు కౌంటరు ముందుకు ఏ పరిస్థితిలో వస్తారో చాలాకాలంగా చూస్తున్నాను.

కరోనాకు ముందు సంవత్సరం అమ్మకు పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పూర్తిగా పడిపోయింది. మాట కాస్త ముద్దగా వచ్చేది కానీ మనసు, జ్ఞాపకం చెక్కుచెదరలేదు. కాకినాడలో ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ డబ్బు గురించి పెద్దగా టెన్షన్ పడలేదు, హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. బిల్లులో చాలావరకు కంపెనీ కట్టింది. డిశ్చార్జి రోజున డాక్టరుగారు మమ్మల్ని పక్కకు పిలిచి, "వైద్యం అయిపోయిందమ్మా. ఇక చూసుకోవడమే" అన్నారు. ఆ చూసుకోవడానికి ఇన్సూరెన్స్ ఒక్క రూపాయి ఇవ్వదని ఇంటికొచ్చాక తెలిసింది.

ఇది ఏ ఒక్క కంపెనీ చేసిన పనీ కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని పాలసీలకూ ఒకే రకంగా ఉండేలా కొన్ని మినహాయింపులకు నంబర్లు ఇచ్చింది. మీ పాలసీ పుస్తకం తీసి ‘ఎక్స్‌క్లూజన్ 05’ అన్నచోట చదవండి. స్నానం చేయించడం, బట్టలు వేయడం, అటూ ఇటూ నడిపించడం లాంటి రోజువారీ పనుల్లో సాయానికయ్యే ఖర్చు, అది ఇంట్లో అయినా, నర్సింగ్ హోమ్‌లో అయినా, చేసేది నర్సయినా, మామూలు మనిషయినా, ఇవ్వబోమని అందులో ఉంటుంది. మంచాన పడ్డ మనిషికి కావలసినవి సరిగ్గా ఆ పనులే. 2024 అక్టోబరులో 70 ఏళ్ళు దాటిన అందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఇస్తామన్నారు. మంచి పనే, కార్డు తీసుకోని వాళ్ళుంటే తీసుకోండి. కాకపోతే అదీ ఆసుపత్రి గుమ్మం దాకానే. మన దగ్గర మంచం ఆసుపత్రిలో ఉన్నంతసేపు దానికి డబ్బు పెట్టేవాళ్ళు ఉన్నారు. అదే మంచం ఇంటికొస్తే ఎవరూ లేరు.

ఇంటికొచ్చాక నెలకెంతయిందో చెబుతాను, ఎందుకంటే ఈ అంకెలు ఎవరూ బయటికి చెప్పరు. ఇరవై నాలుగ్గంటలూ ఉండే మనిషికి మొదట్లో 15 వేలు ఇచ్చాం, చివరి ఏడాదికి 20 వేలయింది. ఆమె భోజనం, కాఫీ, టిఫిన్లు మనవే. డైపర్లు రోజుకు మూడు, తక్కువ రకం తెస్తే చర్మం ఒరుసుకుపోతుంది, ఆ పద్దు 3 వేలు దాటేది. మందులు 3,500. ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు ఇంటికొచ్చే అబ్బాయికి నెలకు 5 వేలు. ప్రోటీన్ పొడి, రక్త పరీక్షలు, డాక్టరుగారిని ఇంటికి పిలిపిస్తే ఫీజు, రాత్రీపగలూ ఆడే గాలి పరుపుకు కరెంటు. అన్నీ కలిపితే చివర్లో 38 వేల దగ్గర తేలేది. నాలుగేళ్ళలో 16 లక్షల పైచిలుకు ఖర్చయింది. అది రామచంద్రపురం పక్కన పల్లెటూళ్ళో, సొంత ఇంట్లో. హైదరాబాదులో అయితే మనిషి జీతమే వేరుగా ఉంటుంది.

ఆ 20 వేల జీతం దేనికో చూడనివాళ్ళకు అది ఎక్కువనిపిస్తుంది. మంచం మీదున్న మనిషిని రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, లేకపోతే పిరుదుల దగ్గర, మడమల దగ్గర పుళ్ళు పడతాయి. అమ్మ కింద నాలుగు మడతల పాత నేత చీర ఒకటి అడ్డంగా పరిచి ఉండేది. మేం పెట్టుకున్న ఆమె దాని అంచులు రెండూ గుప్పిట బిగించి, అమ్మ పడిపోయిన చేతిని ముందు పొట్ట మీద పెట్టి, మోకాలు కొంచెం మడిచి, "మామ్మగారూ, ఇటు తిరుగుతున్నామండి" అని చెప్పి ఒక్క లాగులో పక్కకు తిప్పేది. వెంటనే వీపుకు ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు. తర్వాత అరచేత్తో చీర మీద ముడతలన్నీ సరిచేసేది, ముడత ఉంటే అక్కడే ఒరుసుకుంటుందట. వీపు మీద ఎర్రగా ఎక్కడైనా కందిందేమో లైటు వేసి చూసేది. అర్ధరాత్రి రెండింటికీ అదే, తెల్లారగట్ల నాలుగింటికీ అదే. నాలుగేళ్ళలో అమ్మ ఒంటి మీద ఒక్క పుండు పడలేదు. డాక్టరుగారే ఆశ్చర్యపోయారు. ఆ చేతులు అంత జీతానికి తగినవే, ఇంకా ఎక్కువకే తగినవి.

ఇప్పుడు ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. అమ్మ పేరున రెండెకరాల పొలం ఉంది, కౌలుకిచ్చాం. ఏడాది కౌలు డబ్బు అమ్మకు రెండు నెలలు కూడా సరిగా రాలేదు. మొదటి ఏడాది మేము ముగ్గురం తలా కొంత వేసుకున్నాం. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు, పంపుతూనే ఉన్నాడు. అయినా ప్రతి నెలా ఎవరెంత, ఎవరు ఆలస్యం, ఎవరికి ఇంటి లోను అన్న లెక్కలు మొదలయ్యాయి. ముగ్గురం మంచివాళ్ళమే, అయినా ఫోన్లలో గొంతులు మారాయి. అప్పుడు నేను, తమ్ముడు అమ్మనే అడిగాం. అరెకరం అమ్మేయమంది.

ఆవిడ రిజిస్ట్రారు ఆఫీసుకు రాలేదు కాబట్టి ప్రైవేట్ అటెండెన్స్‌కు దరఖాస్తు పెడితే సబ్‌రిజిస్ట్రారుగారే ఇంటికొచ్చారు. మమ్మల్నందరినీ గదిలోంచి బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి అడిగారు. వరండాలోకి వినబడుతూనే ఉంది.

"మామ్మగారూ, ఎవరి బలవంతమూ లేదు కదండీ? ఇష్టపడే అమ్ముతున్నారా?"

"మా ఆయన కొన్న పొలం బాబూ. ఇన్నాళ్ళూ అందరికీ పెట్టింది. ఇప్పుడు నాకు పెడుతుంది."

కుడిచెయ్యి బాగానే ఉంది కాబట్టి సంతకం తనే పెట్టింది. డబ్బు అమ్మ పేరునే బ్యాంకులో వేశాం, నెలనెలా అందులోంచే తీశాం. ఆ నెల నుంచి మా ముగ్గురి ఫోన్లలోనూ అమ్మ ఎలా ఉందన్న మాట తప్ప డబ్బు మాట రాలేదు. మా అన్నయ్య అమెరికా నుంచి వచ్చినప్పుడు అమ్మ పక్కన కూర్చుని గోళ్ళు తీసేవాడు. డబ్బు గొడవ నడుస్తుంటే అలా కూర్చోగలిగేవాడా అని నాకు అనుమానమే.

ఊళ్ళో మాత్రం మాటలు తప్పలేదు. "తల్లి బతికుండగానే పొలం అమ్ముకు తిన్నారు" అన్నారు. నేను దీనికి గట్టిగానే జవాబు చెబుతాను. పొలం అమ్మకుండా, తల్లికి పుళ్ళు పడనిచ్చి, ఆవిడ పోయాక ఆ అరెకరం మేం పంచుకుని ఉంటే ఎవరూ ఒక్కమాట అనేవాళ్ళు కాదు. మన ఊళ్ళల్లో తరాలుగా జరుగుతున్నది అదే, దాన్ని పరువు అనుకుంటున్నాం. పెళ్ళికి పొలం అమ్మితే తప్పు లేదు. చదువుకు, అమెరికా ఫీజుకు అమ్మితే గొప్ప. ఆ పొలానికి ముప్పై ఏళ్ళు అన్నం మోసుకెళ్ళిన మనిషికి శుభ్రమైన పక్క కోసం అమ్మితే తప్పెలా అవుతుంది?

అసలు అమ్మ పేరున పొలం ఉండడమే మా పెదమావయ్య పుణ్యం. నాన్న వీలునామా రాయకుండా పోయారు. పెద్దకర్మ అయ్యాక పంపకాలకు కూర్చున్నప్పుడు, అమ్మ పేరున ఎందుకు, ఆవిడ దున్నుతుందా, మనోవర్తి కింద నెలకింత ఇస్తే సరిపోతుంది కదా అని పెద్దమనుషులే అన్నారు. మావయ్య ఒప్పుకోలేదు. "ఇల్లూ రెండెకరాలూ నా చెల్లెలి పేరున పెట్టండి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆవిడదే. మిగతా మూడూ పిల్లలు ముగ్గురూ తలో ఎకరం తీసుకోండి. మనోవర్తి అంటే నెల నెలా ఎదురుచూడాలి. పొలం అయితే ఎవరికీ చెయ్యి చాపక్కర్లేదు" అన్నాడు. ఆయన హైస్కూలు చదువు కూడా దాటలేదు. మా కుటుంబంలో ముసలితనానికి ప్లానింగ్ అంటూ చేసింది ఆయనొక్కడే.

మావయ్య లాంటి వాళ్ళు లేని ఇళ్ళల్లో ఏం జరుగుతుందో బ్యాంకులో కనిపిస్తుంది. కొడుకు పేరున సెటిల్మెంట్ దస్తావేజు, అంటే బతికుండగానే ఆస్తి దానంగా ఇచ్చేసే కాగితం, రాసేసి, డిపాజిట్లు కోడలి పేరుకు మార్చేసి, ఏడాది తిరక్కుండా పింఛను డబ్బు మాత్రం వేరే ఖాతాలో వేసుకోవచ్చా అని అడగడానికి వచ్చే పెద్దవాళ్ళు ఉంటారు. ఎందుకు అలా రాశారండీ అంటే అందరిదీ ఒకటే మాట: "మనం పోయాక ఎలాగూ వాళ్ళదే కదమ్మా, గొడవలు రాకుండా ముందే ఇచ్చేశాం." పోయాక వాళ్ళదే అన్న మాట నిజమే. అందుకు వీలునామా ఉంది. వీలునామా బతికున్నన్నాళ్ళూ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, దానం అలా కాదు, రిజిస్ట్రేషన్ అయిన క్షణం నుంచి ఆస్తి మనది కాదు.

ఇచ్చేసినవాళ్ళకు ఒక చట్టం ఉంది, 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. మన దగ్గర ఆర్డీవో ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు, వకీలు అక్కర్లేదు. చూసుకుంటాడన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాడు చూసుకోకపోతే, ఆ బదిలీ చెల్లదని 23వ సెక్షన్ కింద ప్రకటించవచ్చు. ఇక్కడ ‘షరతు మీద’ అన్నదే కీలకం. మన సెటిల్మెంట్ దస్తావేజుల్లో రాసేది "నీ మీద నాకు గల ప్రేమాభిమానముల చేత" అన్న వాక్యం. ప్రేమ ఉందన్నారు కానీ షరతు ఎక్కడుంది? 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో, అలాంటి షరతు ఉన్నట్టు చూపించాలని, లేకపోతే 23వ సెక్షన్ వర్తించదని చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకావిడ కేసులో అదే కోర్టు, ఇది పెద్దవాళ్ళ మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలంటూ ఆస్తి ఆవిడకు తిరిగి ఇప్పించింది. ఆ కేసులో కూడా, తల్లిదండ్రులను కడదాకా చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన వచన పత్రం ఒకటి ఉంది. ఏదో ఒక కాగితం ఉండడం వల్లే ఆవిడ నిలబడగలిగింది. రాసివ్వక తప్పని పరిస్థితి ఉంటే, ఇంట్లో ఉండే హక్కు, తిండి, వైద్యం, మంచాన పడితే మనిషిని పెట్టే బాధ్యత, ఇవన్నీ దస్తావేజులోనే రాయించండి. జీవితకాలం అనుభవ హక్కు మీకే ఉంచుకోండి. లేఖరి మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

అదే చట్టంలో మనోవర్తి నెలకు 10 వేలకు మించకూడదని కూడా ఉంది. ఆ పరిమితి ఎత్తేయాలని 2019లో లోక్‌సభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. 10 వేలు మా ఇంట్లో పది రోజులు కూడా వచ్చేవి కావు.

అమ్మ మనసు చివరిదాకా బాగానే ఉంది, అది మా అదృష్టం. మతిమరుపు జబ్బు వస్తే కథ వేరు. చాలామంది జీపీఏ, అంటే తమ తరఫున వ్యవహారాలు నడిపే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం, రాయించుకుని ధైర్యంగా ఉంటారు, ముఖ్యంగా పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్ళు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ అధికారం కూడా అక్కడితో పోతుంది. అంటే ఆ కాగితం అవసరం పడే రోజునే పనికిరాకుండా పోతుంది. అప్పుడు సంరక్షకులుగా నియమించమని హైకోర్టుకు వెళ్ళాల్సి వస్తుంది. మంచం మీదున్నా తెలివిలో ఉన్న మనిషి అయితే బ్యాంకులో మార్గాలు ఉన్నాయి. సంతకం పెట్టలేకపోతే వేలిముద్ర చాలు, ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఇంటికి వచ్చి తీసుకుంటారు. ఖాతా ఏ ఒక్కరైనా నడిపేలా, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అని జాయింటుగా పెట్టుకుంటే ఇంకా నయం. తెలివి తప్పిన తర్వాత వచ్చి "మేడమ్, మా నాన్న డబ్బే, ఆయన మందులకే" అని బతిమాలితే, నా కళ్ళల్లో నీళ్ళు తిరగొచ్చు కానీ నేను ఇవ్వలేను. పేరు పెట్టి జాయింటు చేయించుకోవడానికి పావుగంట పడుతుంది. దయచేసి ఈ వారమే చేయించుకోండి.

ఇంకొకరి లెక్క మిగిలింది, మా మరదలి లెక్క.

పెట్టుకున్న మనిషి నెలకు నాలుగు రోజులు సెలవు మీద వెళ్ళేది. పండక్కి వారం. కరోనా మొదటి లాక్‌డౌన్‌లో ఊరెళ్ళి రెండు నెలలు రాలేకపోయింది. ఆ రోజులన్నీ తమ్ముడి భార్యే చేసింది. మనిషి ఉన్నప్పుడు కూడా వంట, జావ, మందుల వేళలు, పలకరించడానికి వచ్చే చుట్టాలకు కాఫీలు, అన్నీ తనే. నాలుగేళ్ళలో పుట్టింటికి వెళ్ళి ఒక రాత్రి పడుకోలేదు. చుట్టాలందరూ "కోడలంటే నువ్వేనమ్మా" అని మెచ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అదే పని బయటి మనిషి చేస్తే 20 వేలు, కోడలు చేస్తే మెచ్చుకోలు. తమ్ముడిదీ నాదీ అన్నయ్యదీ ఆస్తిలో వాటాలు ఉన్నాయి. చాకిరీలో వాటా లేదు. చట్టం పిల్లలను, మనవలను బాధ్యులను చేసింది కానీ కోడలిని చేయలేదు, వారసత్వమూ ఆవిడకు లేదు. అయినా పనంతా ఆవిడ చేతుల మీదే సాగుతుంది.

మా అమ్మకు ఇది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మంచం మీద ఉండగానే వీలునామా రాయించింది. ఇల్లు కోడలి పేరున, కొడుకు పేరున కూడా కాదు. మిగిలిన ఎకరంన్నర మా ముగ్గురికీ. అన్నయ్యకు మొదట కాస్త కష్టమనిపించింది, ఇల్లంటే అందరికీ మమకారమే కదా. ఆ తర్వాత తనే "అది సేవకు బహుమానం కాదు, బాకీ" అన్నాడు. నేనూ అదే అంటాను. ఇంట్లో ఎవరు ఉద్యోగం మానేసి, నిద్ర మానేసి చూసుకుంటున్నారో వాళ్ళకు నెలనెలా డబ్బు ఇవ్వాలి, లేదా వాటాలో కలపాలి. సొంతవాళ్ళకు డబ్బివ్వడం ప్రేమను అవమానించడం అనే మాట నేను ఒప్పుకోను. అలా అనేవాళ్ళలో రాత్రి రెండింటికి లేచి ఒత్తిగిలించినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు.

ఈమధ్య పిల్లల్ని ఎక్కువమందిని కనమంటున్నారు. ఆంధ్రలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే అని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. 2024లో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు రాష్ట్రం ముసలిదైపోతోందని హెచ్చరించారు, స్థానిక ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఎత్తేశారు. భయం నిజమే. కానీ మా అమ్మకు ముగ్గురు పిల్లలం, ముగ్గురం బాగానే స్థిరపడ్డాం, ముగ్గురికీ ప్రేమ ఉంది. అయినా జీతం ఇచ్చి మనిషిని పెట్టక తప్పలేదు. ఒకరు డాలస్‌లో, ఒకరు కాకినాడలో ఉద్యోగంలో, ఒకరు ఊళ్ళో ఆక్వా చెరువుల మీద. నలుగురం ఉన్నా ఇంతే. పిల్లల సంఖ్య పెరిగితే చందా వేసేవాళ్ళు పెరుగుతారేమో కానీ, మంచం పక్కన నేర్పున్న చేతులు, వాటికి జీతం, ఇవి విడిగా సమకూర్చుకోవాల్సిందే.

జర్మనీ 1995లోనే దీనికి ప్రత్యేకంగా బీమా పెట్టింది. జపాన్ 2000లో పెట్టింది. అక్కడ నలభై దాటిన ప్రతివాళ్ళూ ప్రీమియం కడతారు, ముసలితనంలో ఇంటికి వచ్చి స్నానం చేయించే మనిషి ఖర్చులో చాలామంది పదో వంతే పెట్టుకుంటారు. అమెరికాలో అలా లేదు. అన్నయ్య మొదట అమ్మను తనతో తీసుకెళదామనుకున్నాడు. ఆ దేశపు మెడికేర్ సైతం దీర్ఘకాలం ఇలా చూసుకోవడానికి డబ్బివ్వదని తెలిసి ఆగిపోయాడు.

మన దగ్గర ఆ దారిలో వేసిన మొదటి అడుగు నాకు కనిపించింది ఆంధ్రప్రదేశ్ పింఛన్లలోనే. 2024లో వృద్ధాప్య పింఛను 4 వేలు చేసినప్పుడు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 15 వేలు చేశారు. నడిచే ముసలితనానికీ పడుకున్న ముసలితనానికీ ఖర్చు వేరని ప్రభుత్వం ఒప్పుకోవడం అది. తెలంగాణలో వృద్ధాప్య పింఛను 2,016. కేంద్రం తన వాటాగా 80 లోపు వాళ్ళకు ఇచ్చేది ఇప్పటికీ 200 రూపాయలు. సెంటు భూమి లేని ఇంట్లో తండ్రి మంచాన పడితే, చూసుకోవడానికి ఒకరు కూలి మానేయాలి, అంటే ఇంటి ఆదాయం సగం పోతుంది. పొలం అమ్మమని వాళ్ళకు చెప్పలేను. ఆ 15 వేలు పక్షవాతం, ప్రమాదం లాంటి కారణాల దగ్గర ఆగకుండా, మతిమరుపుతోనో తుంటి విరిగో మంచం పట్టిన ప్రతి పేద మనిషికీ రావాలి. తెలంగాణలోనూ రావాలి. అనర్హులున్నారని ఏరివేతలు పెట్టేటప్పుడు, మంచం మీదున్న మనిషిని ఆటోలో వేసుకుని సర్టిఫికెట్ కోసం తిప్పకుండా డాక్టరే ఇంటికి వెళ్ళాలి.

పొలం మీదో, సర్కారు పింఛను మీదో ఆధారపడని నా లాంటి ఉద్యోగస్తుల మాటేమిటి? సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 2023 నుంచి 30 లక్షల దాకా వేసుకోవచ్చు. ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీకి మూడు నెలలకు 61,500, అంటే నెలకు 20,500. మా అమ్మ ఖర్చులో సగం పైన కొంచెం, అదీ అప్పటి లెక్కలో. రిటైరైన డబ్బులో పెద్ద ముక్క పిల్లల ఫ్లాటు అడ్వాన్సుకు ఇచ్చేస్తే ఈ సగం కూడా ఉండదు. భార్యాభర్తలిద్దరిలో ఆడమనిషి సాధారణంగా తర్వాత మిగులుతుంది, మొదటివారి జబ్బుకే అంతా ఖర్చయిపోతే రెండోవారికి ఏమీ ఉండదు. అందుకని నేను, మా ఆయన ఇద్దరికీ విడివిడిగా పెట్టుకుంటున్నాం. ఫ్లాటు మా ఇద్దరి పేర్ల మీదే ఉంటుంది, అవసరమైతే అమ్మేస్తాం. అబ్బాయికీ అమ్మాయికీ కూర్చోబెట్టి అంకెలతో సహా చెప్పాం. వృద్ధాశ్రమం అన్నా నాకు అభ్యంతరం లేదని కూడా చెప్పాను. నేను వాకబు చేసిన చోట్లలో చాలావరకు నడవగలిగినవాళ్ళనే తీసుకుంటామన్నారు, మంచాన పడితే తీసుకెళ్ళిపోవాలట. ఇది ముందే అడిగి, రాతలో తీసుకోవలసిన సంగతి. అమ్మాయి కాస్త ఏడ్చింది. అబ్బాయి మాత్రం ఫోనులో అవన్నీ రాసుకున్నాడు.

అమ్మను చూసుకున్న ఆమె ఇప్పుడు అమలాపురంలో మరో ఇంట్లో చేస్తోంది. ఏజెన్సీ ద్వారా వెళ్ళింది కాబట్టి జీతంలో కొంత వాళ్ళే ఉంచుకుంటారట. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ఆమెకు నలభై ఏడు. నేను అటల్ పెన్షన్ యోజనలో చేర్పిద్దామని చూశాను, నలభై దాటితే తీసుకోరు. అసంఘటిత కార్మికులకని 2019లో పెట్టిన శ్రమయోగి మాన్‌ధన్ పింఛనుకూ నలభైయే హద్దు. ఈ పనిలోకి వచ్చే ఆడవాళ్ళలో నాకు తెలిసినవాళ్ళంతా పిల్లలు పెద్దయ్యాక, నలభై దాటాకే వచ్చారు. మనుషుల్ని ఎత్తీ దించీ ఆమె నడుము ఇప్పటికే పట్టేస్తోంది. ఈ పథకాల్లో వయసు హద్దు యాభై ఐదుకైనా పెంచాలి. మనుషుల్ని పంపే ప్రతి ఏజెన్సీ చేత పీఎఫ్ కట్టించాలి, ఆ మేరకు మా లాంటి ఇళ్ళకు నెలకు రెండు మూడు వేలు ఎక్కువైనా సరే కట్టుకోవాలి. ఇప్పటికి నేను చేయగలిగింది ఆమె పేరున పోస్టాఫీసులో ఒక ఆర్డీ మొదలుపెట్టడం. నెలకు వెయ్యి నేను వేస్తున్నాను, ఐదు వందలు ఆమె వేస్తోంది.